పేషెన్స్ లోడర్ ఫ్యామిలీ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

1856లో ఇంగ్లాండ్ నుంచి వచ్చి అమెరికాలోని యూటా దాకా సామాన్ల బండి చేత్తో లాక్కుంటూ నడిచిన పేషెన్స్ లోడర్ గురించి ఈమధ్యే చదివా, రెండు రోజులుగా మనసులోంచి పోవట్లేదు. వాళ్ళ అమ్మానాన్నలు ఏమయ్యారండీ? ఆమె తర్వాత ఎలా బతికింది?

జవాబు 1:
వాళ్ళది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఆస్టన్ రోవంట్ అండీ, నాన్న జేమ్స్ తోటమాలి. మోర్మన్ అనే క్రైస్తవ శాఖలో కలిసి, వాళ్ళ కేంద్రమైన యూటాకి బయల్దేరారు, నాన్న దారిలోనే సెప్టెంబర్‌లో నెబ్రాస్కాలో పోయారు. అక్టోబర్ 19న నార్త్ ప్లాట్ నది దాటారో లేదో మంచు మొదలైంది. ఒకరోజు పొద్దున చలికి కూతుళ్ళు లేవలేకపోతుంటే వాళ్ళమ్మ కసరలేదు, మీకోసం డాన్స్ చేస్తా చూడండి అని ఆ మంచులో గెంతి కావాలనే కిందపడిందట, అమ్మకి దెబ్బ తగిలిందేమో అని అందరూ లేచి పరిగెత్తారు, వాళ్ళు లేవాలనే ఆ పని చేసింది ఆ తల్లి. నాకైతే అది చదివి ఏడుపొచ్చేసింది.

జవాబు 2:
నవంబర్ 30న సాల్ట్ లేక్ చేరారు. తర్వాత 1858లో పేషెన్స్ జాన్ రోజా అనే, అమెరికా సైన్యంలో ఉన్న హంగేరియన్ సైనికుడిని పెళ్ళి చేసుకుంది. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక యూటాకి తిరిగొస్తుంటే 1866లో ఆయనా దారిలోనే పోయాడు. చిన్నపిల్లలతో మిగిలి గని కార్మికులకి వంట చేసి పెట్టి పోషించుకుంది. ముసలితనంలో తన కథ తనే రాసుకుంది, ముందు అది చదవండి. ఇంగ్లాండ్‌లో ఉన్నప్పటి వివరాలకి 1851 జనాభా లెక్కలు చూడండి, పేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరు అన్నీ ఉంటాయి.

అడిగినవాళ్ళు:
చాలా థాంక్సండీ ఇద్దరికీ, ఈ రాత్రే మొదలుపెడతా.