వైరి నౌకల పొత్తుకు మూడో శత్రువు తప్పనిసరా?

తొలిచిత్తు (చర్చ ప్రారంభం):
నేను రాస్తున్న సైన్స్ ఫిక్షన్ నవలలో, ఇరవై ఏళ్లుగా పోరాడుకుంటున్న రెండు నౌకాదళాలకు చెందిన ఇద్దరు కెప్టెన్లు చివరికి పొత్తు కుదుర్చుకుంటారు. వారిలో ఒకరు మహిళ, మరొకరు పురుషుడు; ఆమె సోదరుడు అతని ఫిరంగులకే బలయ్యాడు. మొదటి ప్రతిలో, ఎక్కడినుంచో వచ్చిన గ్రహాంతర దళం ఇద్దరి మీదా విరుచుకుపడటంతో వారు ఏకమవుతారు. అది చదివిన మిత్రుడొకరు, శత్రువును కథ అవసరానికి అరువు తెచ్చుకున్నావని తేల్చేశారు. ఉమ్మడి శత్రువు లేకుండా బద్ధవైరులు కలిస్తే పాఠకుడు నమ్మడని నా వాదన. మీరేమంటారు?

పాతపుస్తకం:
నేను మీ పక్షమే. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పిన పిల్లి, ఎలుకల కథను గుర్తు చేసుకోండి. లోమశుడనే పిల్లి వలలో చిక్కుకుంటుంది; పలితుడనే ఎలుకను ఒకవైపు ముంగిస, మరోవైపు గుడ్లగూబ కాచుకుని ఉంటాయి. అందుకే ఎలుక తన జాతివైరి ఒళ్లోకి వెళ్లి తలదాచుకుని, ప్రతిఫలంగా వల కొరికిపెడతానని ఒప్పుకుంటుంది. ఆ రెండు శత్రువులు లేకపోతే ఆ సంధీ లేదు.

రెండోకక్ష్య:
పాతపుస్తకం గారూ, ఆ కథను మీరు సగంలోనే ఆపేశారు. సంధి కుదిరినట్లు కనబడగానే ముంగిస, గుడ్లగూబ ఆశ వదులుకుని వెళ్లిపోతాయి. అసలు కథ ఆ తరువాతే ఉంది: పిల్లి ఎంత తొందరపెట్టినా ఎలుక చివరి తాడును మాత్రం కొరకకుండా ఉంచి, వేటగాడు దగ్గరికి వచ్చాకనే తెంపుతుంది, ఎందుకంటే అప్పుడు పిల్లికి పారిపోవడం తప్ప ఎలుకను తినే తీరిక ఉండదు. ఆ ఒక్క తాడులో ఉన్న ఉత్కంఠ ముంగిసలోనూ గుడ్లగూబలోనూ లేదు.

నిజ జీవితంలోనూ ఇలాంటిది జరిగింది. 1975 జూలై 17న అమెరికా అపోలో నౌక, సోవియట్ సోయుజ్ నౌక కక్ష్యలో అనుసంధానమయ్యాయి. అపోలో కమాండర్ థామస్ స్టాఫర్డ్, సోయుజ్ కమాండర్ అలెక్సీ లియోనోవ్ చేతులు కలిపారు. గ్రహాంతరవాసులెవరూ రాలేదు. వారి మధ్య ఉన్న చిక్కు గాలి. అపోలోలో సముద్రమట్టపు పీడనంలో మూడో వంతు పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండేది. సోయుజ్‌లో మనం పీల్చే గాలి వంటిదే, పూర్తి పీడనంతో ఉండేది. నేరుగా తలుపు తెరిస్తే ప్రమాదం. అందుకని అమెరికన్లు మధ్యలో సుమారు 3 మీటర్ల పొడవైన ఒక గదిని అమర్చారు, సోవియట్లు తమ నౌకలోని పీడనాన్ని మూడింట రెండు వంతులకు తగ్గించుకున్నారు. అంతకుముందు వాడిన అనుసంధాన యంత్రాల్లో ఒక నౌకకు ముల్లు, రెండోదానికి దాన్ని అందుకునే గరాటు ఉండేవి. సోవియట్ ఇంజనీరు వ్లాదిమిర్ సిరోమ్యాత్నికోవ్ బృందం అమెరికన్లతో కలిసి రూపొందించిన కొత్త యంత్రంలో రెండు వైపులా ఒకే రకం వలయాలు ఉన్నాయి. ఎవరైనా చొరవ తీసుకోవచ్చు, ఎవరైనా అందుకోవచ్చు. మొదటిసారి అపోలో ఆ చొరవ తీసుకుంది, జూలై 19న జరిగిన రెండో అనుసంధానంలో సోయుజ్ తీసుకుంది. ఇంతకంటే మంచి సంధి ఘట్టాన్ని ఏ నవలాకారుడు ఊహించగలడు?

గగనవిహారి:
ఉదాహరణ బాగుంది కానీ ఇక్కడ అతకదు. ఆ పొత్తు కెప్టెన్లది కాదు. 1972 మే 24న మాస్కోలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, సోవియట్ ప్రధాని కోసిగిన్ ఒప్పందంపై సంతకాలు చేశాకనే అది మొదలైంది. స్టాఫర్డ్, లియోనోవ్ తమ ప్రభుత్వాలు అప్పగించిన పని చేశారు. తొలిచిత్తు గారి కెప్టెన్లు సొంత దళాలను ధిక్కరించి కలుస్తారు, అంటే సొంతవారి దృష్టిలో ద్రోహులవుతారు. దానికి చాలా బలమైన కారణం చూపాలి. పైగా ఆ కరచాలనం తరువాత మరో అమెరికా నౌక రష్యా నౌకతోనో కేంద్రంతోనో కలవడానికి 1995 జూన్ 29న అట్లాంటిస్ అనే అమెరికా షటిల్ రష్యా అంతరిక్ష కేంద్రం మీర్‌ను చేరేదాకా, 20 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. దీన్ని పొత్తు అనాలా, ప్రదర్శన అనాలా?

రెండోకక్ష్య:
ప్రభుత్వాల వరకు ప్రదర్శనే అనుకుందాం, ఆ మాటకు నేను అడ్డు చెప్పను. మనుషుల సంగతి వేరు. 1971లో సోయుజ్-11 నౌకలోని గాలి బయటికి పోయి ముగ్గురు వ్యోమగాములు మరణించినప్పుడు, వారి అంత్యక్రియల్లో పాడె మోసినవారిలో స్టాఫర్డ్ ఒకరు. అప్పటికి మీరు చెప్పిన 1972 ఒప్పందం మీద సంతకాలు కాలేదు. తరువాత స్టాఫర్డ్ రష్యన్, లియోనోవ్ ఇంగ్లీషు నేర్చుకున్నారు; స్టాఫర్డ్ పలికే రష్యన్ ఓక్లహోమా యాసలో ఉండటంతో లియోనోవ్ దానికి ‘ఓక్లహోమ్‌స్కీ’ అని సరదాగా పేరు పెట్టాడు. 2019లో లియోనోవ్ అంత్యక్రియలకు వెళ్లి మాట్లాడినవాడూ స్టాఫర్డే.

పాతపుస్తకం:
అలాగైతే మూడో శత్రువు ఉన్నట్టే కదా! నౌక బయట ఉన్న శూన్యమే ఆ శత్రువు.

గగనవిహారి:
శూన్యం ఎవరి మీదా పగబట్టదండీ. అది యుద్ధం మొదలైన రోజునా అక్కడే ఉంది. కెప్టెన్లు ఇరవై ఏళ్లు దాన్ని పట్టించుకోకుండా ఆ రోజే ఎందుకు పట్టించుకున్నారో నవల చెప్పాలి.

తొలిచిత్తు:
గగనవిహారి గారి అభ్యంతరం నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, అందువల్ల గ్రహాంతర దళాన్ని పూర్తిగా తీసివేయలేదు. ముంగిసలాగా తొందరగా వచ్చి తొందరగా వెళ్లిపోయేలా మూడో అధ్యాయానికి జరిపాను. అది వెళ్లిపోయాక, దెబ్బతిన్న రెండు నౌకలు గాలి పంచుకోవలసి వస్తుంది. ఎవరో ఒకరు ముందుగా తమ పీడనాన్ని తగ్గించుకోవాలి. తగ్గించుకున్న నౌకలోని సిబ్బంది కొన్ని గంటలపాటు యుద్ధానికి పనికిరారు. సోదరుణ్ణి పోగొట్టుకున్న ఆమె ముందు తగ్గించుకుంటుందా, చంపిన అతనా అన్నది తేలక మూడు రోజులుగా అక్కడే ఆగిపోయాను.