ఎయిటీన్ అంటే ఎయిటీ అని రాసుకుంటున్నారు: తప్పు మన యాసదేనా?

రొయ్యల_డెస్కు (భీమవరం)
నమస్కారమండి. మాది రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. ఎగుమతుల సెక్షన్లో ఉన్నవాళ్ళం అమెరికా బయ్యర్లతో రోజూ ఫోన్లో మాట్లాడాలి. మెయిళ్ళలో ఏ గొడవా లేదు. ఫోన్లో మాత్రం స్టోరేజీ మైనస్ ఎయిటీన్ అంటే ఎయిటీ అని రాసుకుంటారు, థర్టీన్ టన్నులంటే "థర్టీ టన్నులా?" అని రెట్టిస్తారు. పైగా అవతలి గొంతులో ఏదో అనుమానం. మేనేజరు గారు అందర్నీ అమెరికన్ యాస నేర్పే కోర్సులో చేరమంటున్నారు. అసలు వినేవాళ్ళు దేన్నిబట్టి అంచనా వేస్తారు? మనం ఏం మార్చుకుంటే పని జరుగుతుంది?

ధ్వని_కాకినాడ
ఫీజు కట్టకముందే అడిగారు, నయం. ఇక్కడ మూడు సంగతులు కలిసిపోయాయి. యాస ఎంత గట్టిగా తెలుస్తోంది, వినడానికి ఎంత శ్రమ అవుతోంది, చివరికి మాట అందిందా లేదా. 1995లో కెనడాలో మన్రో, డెర్వింగ్ అనే పరిశోధకులు చైనావాళ్ళు మాట్లాడిన ఇంగ్లీషు వినిపించి, విన్నది విన్నట్టు రాయమన్నారు. "యాస బాగా ఎక్కువ" అని మార్కులేసిన వాక్యాల్ని కూడా చాలావరకు పొల్లు పోకుండా రాశారు. కోర్సు మొదటి సంగతి కోసం. మీ కంటైనర్లు ఆగేది మూడోదాని దగ్గర.

అనుమానం మాటకొస్తే, 2010లో షికాగో విశ్వవిద్యాలయంలో లెవ్ ఆరి, కీసర్ జనరల్ నాలెడ్జ్ వాక్యాలు కొన్ని వేర్వేరు యాసల్లో చదివించారు. చదివేవాళ్ళు ఎవరో రాసిచ్చింది చదువుతున్నారంతే అని ముందే చెప్పినా, విదేశీ యాసలో విన్న వాక్యాల్ని కాస్త తక్కువ నమ్మారు. వినడానికి పడ్డ కష్టాన్ని మనసు సందేహంగా లెక్కేసుకుంటుందని వాళ్ళ వివరణ. తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ చేస్తే కొన్నిచోట్ల ఈ తేడా కనబడలేదు, కాబట్టి వేదవాక్కనుకోకండి. అయినా వినేవాళ్ళ శ్రమ తగ్గిస్తే పోయేదేమీ లేదు.

లంకలగన్నవరం_బుల్లోడు
ఆయ్, ఒక మాటండి. అంతా మనమే మారాలా? 1992లో రూబిన్ అనే ఆయన అమెరికాలో ఒకే పాఠం, ఒకే అమెరికన్ గొంతు రెండు గుంపులకి వినిపించాడు. ఒక గుంపుకి తెల్లామె ఫొటో, ఇంకో గుంపుకి ఆసియా మొహం ఫొటో చూపించాడు. రెండో గుంపుకి లేని యాస వినబడింది, పాఠం కూడా తక్కువే గుర్తుంది. దీనికి మీ నోట్లో మందు లేదండి.

అచ్చులు_హల్లులు (రాజమండ్రి)
బుల్లోడు గారన్నది నిజమే. కానీ ఎయిటీన్ గొడవకి మందుంది, అది మన నోట్లోనే ఉంది.

మనం ఎయిటీన్, ఎయిటీ రెండింట్లోనూ ఒకే ట పలికి, బలమంతా మొదటి అక్షరం మీదే పెడతాం. ఇక తేడా చివరి న్ ఒక్కటే, ఫోన్లో అది ఇట్టే మాయమవుతుంది. అమెరికన్ చెవి చూసేది ట ని. వాళ్ళ ఎయిటీలో ట నలిగిపోయి డ లాగా, థర్టీ దాదాపు థర్డీలాగా వినబడుతుంది. ఎయిటీన్, థర్టీన్‌లలో మాత్రం ట గాలితో, ఠ కి దగ్గరగా పేలుతుంది, తర్వాతి ఈ సాగుతుంది. బలం రెండో అక్షరానికి మారిస్తే చాలని కొందరు నేర్పుతారు గానీ, వెనక ఇంకో మాట వస్తే ఇంగ్లీషువాళ్ళే ఆ బలాన్ని మొదటికి జరిపేస్తారు. అందుకని ట నీ ఈ నీ పట్టుకోండి. డబ్బు, టన్నులు, డిగ్రీలు చెప్పేటప్పుడు వెంటనే అంకెలు విడదీసి ఇంకోసారి చెప్పండి: "ఎయిటీన్, వన్ ఎయిట్."

గాలి సంగతి మాట మొదట వచ్చే ప, ట, క లన్నిటికీ వర్తిస్తుంది. మన ప లో గాలి తక్కువ, కాబట్టి ప్యాక్ అంటే బ్యాక్‌లా, కోట్ అంటే గోట్‌లా వినబడుతుంది. రెండు వేళ్ళ వెడల్పు పలచటి కాగితం ముక్క పెదాల ముందు రెండంగుళాల దూరంలో పట్టుకుని పిన్, బిన్ అనండి. పిన్‌కి ఊగాలి, బిన్‌కి ఊగకూడదు. ఇది అలవాటయ్యాక స్పిన్, స్టాక్ లాంటి వాటిలో కూడా గాలి ఊదేస్తుంటారు. స కారం వెనక ఊదకూడదు.

రొయ్యల_డెస్కు (భీమవరం)
కాగితం పరీక్షలో అందరం తప్పామండి. వెయిట్, వెసెల్, ఇన్‌వాయిస్‌ల్లో వ కూడా మార్చుకోవాలా?

అచ్చులు_హల్లులు (రాజమండ్రి)
కొద్దిగా. మన వ అటూ ఇటూ కాదు. వెసెల్‌కి పైపళ్ళు కింది పెదవికి ఆనించి గొంతు మోగించండి, వెయిట్‌కి పళ్ళు తగలకుండా పెదాలు గుండ్రంగా చుట్టండి. కంగారులో అన్నిటికీ పళ్ళు ఆనిస్తారు, అది ఇంకా చేటు. యెక్స్‌పోర్ట్, వొన్లీ లాంటి పలుకుల్ని సరిదిద్దే జోలికి పోకండి. యాస తెలుస్తుందేగానీ అర్థం చెడదు.

అంతకంటే ముఖ్యమైనది నొక్కు. "మంగళవారమే పంపాం" అన్నప్పుడు మన ఏ చేసే పనిని ఇంగ్లీషులో గొంతు చెయ్యాలి, ట్యూస్‌డే దగ్గర స్వరం లేపి కాస్త సాగదీయాలి. మనం అలవాటుగా "ట్యూస్‌డే ఓన్లీ" అంటాం, బయ్యరు మంగళవారం తప్ప ఇంకెప్పుడూ పంపరేమో అనుకుంటాడు. కౌంటు, అంటే పౌండుకి ఎన్ని రొయ్యలన్నది, సరిచేసేటప్పుడూ అంతే. ట్వంటీవన్ ట్వంటీఫైవ్ కాదు, ట్వంటీసిక్స్ థర్టీ అని చెప్పాల్సొస్తే మారిన అంకెల మీదే గొంతు లేవాలి.

ధ్వని_కాకినాడ
ఇంకో రెండు. కొత్త యాసకి చెవి నిమిషంలోపే సర్దుకుంటుందని 2004లో క్లార్క్, గారెట్ చూపించారు. కాబట్టి కాల్ మొదట్లోనే ధర, టన్నులు చెప్పెయ్యకండి. వాతావరణమో, పోయినసారి షిప్‌మెంటో, నాలుగు వాక్యాలు నింపాదిగా మాట్లాడాక అంకెల్లోకి దిగండి. రెండోది, మీ రికార్డింగు ఎలా ఉందో తేల్చుకోవడానికి మనూళ్ళో ఎవరికీ వినిపించకండి. మాతృభాష ఒకటే అయినవాళ్ళకి మన ఇంగ్లీషు సులువుగా తెలుస్తుంది, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. తెలుగు రానివాళ్ళు ముగ్గురికి ఇరవై సెకన్ల ముక్క ఒక్కసారే వినిపించి రాయమనండి. బాగుందా అని అడక్కండి, ఏ మాటలు తప్పు రాశారో చూడండి.

లంకలగన్నవరం_బుల్లోడు
కంటైనర్ నంబరు మాటేంటండి? ఎఫ్ అంటే ఎస్ అంటారు.

ధ్వని_కాకినాడ
అది యాస కాదు, లైను. మామూలు ఫోన్ లైన్లో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే వెళ్తుంది. ఎఫ్‌నీ ఎస్‌నీ వేరుచేసే శబ్దం చాలావరకు అంతకు పైన ఉంటుంది. అమెరికన్లు ఇద్దరు మాట్లాడుకున్నా అంతే. ఎఫ్‌కి ఫాక్స్‌ట్రాట్, ఎస్‌కి సియెర్రా అని గుర్తు మాటలు చెప్పండి. కంటైనర్ నంబర్లో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. అక్షరాల తర్వాత ఆగి, అంకెలు మూడు, మూడు, ఒకటిగా చదవండి. ఆ చివరి ఒక్కటీ చెక్ డిజిట్, అంటే ముందున్న అక్షరాలు, అంకెల నుంచి లెక్కగట్టి పెట్టే సరిచూపు అంకె. ముందు ఎక్కడైనా ఒక్క అక్షరం తప్పు పడితే లెక్క సాధారణంగా కుదరదు, బయ్యరు సిస్టమే పట్టేస్తుంది.