బెజవాడ బోరు నీళ్లలో సీసం: బంగారు నానో కణాల రంగును నమ్మొచ్చా?

ఆటోనగర్_బోరు
ఆటోనగర్ పక్కన ఓ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లలో సీసం చూడాలండీ. చుట్టూ బ్యాటరీ షాపులు, బిల్డింగులో పాత జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపులు. మా ల్యాబ్‌లో 13 నానోమీటర్ల బంగారు కణాలు, సీసాన్ని పట్టే డీఎన్ఏ ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్‌లో పరీక్ష చక్కగా పనిచేస్తోంది: సీసం లేకపోతే ఎరుపు, కలిపితే నీలం. బోరు నీళ్లు పోస్తే మాత్రం ఏమీ కలపకుండానే నీలమవుతోంది. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) లీటరుకు 1100 మి.గ్రా. ఇది సీసమేనంటారా?

రంగు_రసాయనం
సీసమని చెప్పలేమండీ. ఆ కణాల మీదున్న సిట్రేట్ రుణావేశం వల్లే అవి దూరదూరంగా ఉంటాయి. కాల్షియం, మెగ్నీషియం ఆ ఆవేశాన్ని కప్పేస్తే కణాలు గుంపు కడతాయి, 520 నానోమీటర్ల దగ్గరి శోషణ శిఖరం (కాంతిని ఎక్కువగా పీల్చుకునే చోటు) 650 వైపు జరిగి ఎరుపు నీలమవుతుంది. మన బోర్ల కాఠిన్యానికి అది చాలు. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్‌తో అంతే కాఠిన్యం ఉన్న, సీసం లేని నీళ్లు చేసి పోయండి. అవీ నీలమైతే దోషం ఉప్పులదే. పది రెట్లు పలచన చేద్దామంటే కుదరదు: తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500:2012లో సీసం పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా., అంటే దాదాపు 48 నానోమోలార్. పలచన చేశాక వెతకాల్సింది 5 నానోమోలార్ లోపు.

డీఎన్‌ఏజైమ్_గుంటూరు
ఈ నీళ్లకు బంగారం పక్కనపెట్టి ఫ్లోరోసెన్స్‌కి (వెలుగును కొలిచే పద్ధతికి) రండి. ఇందులో డీఎన్‌ఏజైమ్, అంటే ఎంజైమ్‌లా పనిచేసే డీఎన్ఏ, సీసం తగలగానే సబ్‌స్ట్రేట్ అనే ఇంకో పోగును తెంపుతుంది. 8-17 డీఎన్‌ఏజైమ్ వద్దు. అది జింక్‌కీ స్పందిస్తుంది, జీఐ పైపుల్లోంచి జింక్ దిగుతూనే ఉంటుంది. జీఆర్-5 తీసుకోండి, సీసం విషయంలో అదే నిక్కచ్చి.

సబ్‌స్ట్రేట్ పోగు 5' కొసన ఫామ్ అనే వెలిగే రంగు, ఎంజైమ్ పోగు 3' కొసన ఆ వెలుగును ఆర్పే డాబ్‌సిల్ ఉండాలి. పోగు తెగి రెండూ విడిపోతే వెలుగు వస్తుంది. సబ్‌స్ట్రేట్ 100 నానోమోలార్ అయితే ఎంజైమ్ 120 వేయండి, జత దొరకని సబ్‌స్ట్రేట్ మిగిలితే మొదటి నుంచే వెలుగుతుంది. 50 మిల్లీమోలార్ హెపిస్ బఫర్ (పీహెచ్ 7.2), 100 మిల్లీమోలార్ ఉప్పులో 90 డిగ్రీలకు వేడిచేసి, నెమ్మదిగా చల్లారనివ్వండి. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వాడొద్దు, సీసం అవక్షేపమై అడుక్కి దిగిపోతుంది.

ఎంజైమ్ కరిగిన సీసం అయాన్లనే చూస్తుంది, ప్రమాణం మాత్రం మొత్తం సీసానికి. కాబట్టి వడకట్టకుండా 100 మి.లీ. నీళ్లకు ట్రేస్ మెటల్ గ్రేడ్ నైట్రిక్ యాసిడ్ 0.3 మి.లీ. కలపండి. పీహెచ్ 2 లోపు వచ్చిందో లేదో చూసి 16 గంటలు ఉంచండి. సీసాన్ని పట్టి ఉంచే కార్బొనేట్ కూడా గ్యాసై పోతుంది. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌ను కలుపుతూ చుక్కచుక్కగా వేసి 7.2కి తెండి. గబగబా పోస్తే ఆ చోటే సీసం హైడ్రాక్సైడ్‌గా దిగిపోతుంది. పలచనైన మేరకు లెక్క సవరించండి.

అదే నీళ్లను నాలుగు ట్యూబుల్లో పోసి లీటరుకు 0, 5, 10, 20 మైక్రోగ్రాముల సీసం కలపండి. 490 నానోమీటర్ల దగ్గర వెలుగిచ్చి, 520 దగ్గర మొదటి పది నిమిషాల్లో వెలుగు పెరిగే వాలు చూడండి. ఖాళీ నమూనా (సీసం లేని బఫర్) వాలు తీసేశాక, గీతను వెనక్కి పొడిగిస్తే అడ్డ అక్షాన్ని తాకిన చోటే జవాబు. డిస్టిల్డ్ వాటర్‌లో గీసిన కాలిబ్రేషన్ ఇక్కడ పనికిరాదు.

ఆటోనగర్_బోరు
సీసం వేయని బఫర్‌లోనూ వెలుగు పెరుగుతూనే ఉందండీ. పైగా గది 38 డిగ్రీలుంది.

డీఎన్‌ఏజైమ్_గుంటూరు
సబ్‌స్ట్రేట్ మధ్యలో ఒక ఆర్‌ఎన్‌ఏ అక్షరం ఉంటుంది, అక్కడే తెగుతుంది. చేతుల మీది ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏను తెంపే ఎంజైమ్) కూడా అక్కడే కొరకొచ్చు. గ్లౌజులు మార్చి, కొత్త టిప్పులతో, మైనస్ 20 డిగ్రీల్లో దాచిన సబ్‌స్ట్రేట్ చిన్న వాటా తీసి మళ్లీ చూడండి. ఇంకా పెరిగితే బఫర్‌లోనే సీసం ఉందేమో అనుమానించాలి. వేడికి చర్య వేగం మారుతుంది కాబట్టి అన్ని ట్యూబులూ ఒకే వాటర్ బాత్‌లో, ఒకే పూట.

రంగు_రసాయనం
శాంపిల్ పట్టడంలోనూ జాగ్రత్త. ఆరు గంటలు కదలని కుళాయి నుంచి మొదటి లీటరు ఒకటి, అయిదు నిమిషాలు వదిలాక ఇంకొకటి. మొదటిదాంట్లోనే ఎక్కువుంటే దోషం కుళాయిదో పైపుదో, రెండింటిలోనూ ఉంటే ట్యాంకునో బోరునో చూడాలి. సీసాలు 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టినవై ఉండాలి, గాజు వద్దు, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. ఫలితం లీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే అదే సీసాలోని నీళ్లను ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌కి ఐసీపీ-ఎంఎస్ (లోహాలను కచ్చితంగా కొలిచే పరీక్ష) కోసం పంపండి. అది వచ్చేదాకా ఆ నీళ్లు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వొద్దని అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇవాళే చెప్పండి. మరిగిస్తే సీసం పోదు, ఇంకా చిక్కబడుతుంది.