నగదు నివేదిక చూశారా? మెదడు తరహా చిప్పుల కంపెనీ వాటాదారుల చర్చ

సగటు_వాటాదారు
మన కంపెనీ త్రైమాసిక నగదు నివేదిక నిన్న రాత్రి వచ్చింది. వినియోగదారుల నుంచి వసూలైన సొమ్ము జీతాల ఖర్చులో పదో వంతు కూడా లేదు. చేతిలో ఉన్నది ఇదే వేగంతో ఖర్చయితే మూడు త్రైమాసికాలు దాటదు. రెండు సందేహాలు. మళ్లీ కొత్త షేర్లు జారీ చేస్తారంటారా? డైరెక్టర్లకు ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనే హక్కు) ఇచ్చే తీర్మానం మీద మీరు ఎటు ఓటు వేస్తున్నారు? ఓటుకు గడువు శుక్రవారం.

నాలుగేళ్ల_నిరీక్షణ
ఒక పెద్ద కార్ల కంపెనీ తన పత్రికా ప్రకటనలో ఒకే ఒక్క వాక్యంలో మన చిప్పును ప్రస్తావించిన వారం గుర్తుందా? నేను కొన్నది సరిగ్గా ఆ వారమే. ఇప్పుడు 80 శాతం పోయింది. అయినా అమ్మను. 80 శాతం లేచిన రోజున అసలు తీసుకుని దణ్ణం పెట్టి బయటపడతాను.

లెక్కల_మాస్టారు
నూరు పెట్టినది ఇరవై అయ్యాక 80 శాతం పెరిగితే వచ్చేది 36. మీ అసలు రావాలంటే ధర ఐదు రెట్లు కావాలి.

నాలుగేళ్ల_నిరీక్షణ
తెలుసండీ. కడుపుమంటతో రాశాను. ఇక్కడ కూడా మార్కులు వేస్తారా?

వెన్నెల_రాత్రి
ఎప్పుడు చూసినా ఏడుపేనా? మనిషి మెదడులో 8,600 కోట్ల న్యూరాన్లు (నాడీకణాలు) ఉన్నాయి, అన్నీ కలిసి వాడుకునేది సుమారు 20 వాట్లు. డేటా సెంటర్లలో పెట్టే ఒక్క గ్రాఫిక్స్ చిప్పు 700 వాట్లు లాగుతోంది. కరెంటు బిల్లే కృత్రిమ మేధను మన గుమ్మంలోకి తెస్తుంది. ఈ ధరకు దొరకడం అదృష్టం. నిన్న ఇంకో పది వేల షేర్లు కొన్నాను.

చిప్పుల_పనివాడు
పద్దెనిమిదేళ్లుగా చిప్పుల డిజైన్‌లోనే బతుకుతున్నాను కాబట్టి చెబుతున్నాను. ఆ 20 వాట్ల లెక్కను మన చిప్పుకు అంటగట్టడమంటే మోకాలికీ బోడిగుండుకీ ముడి వేయడమే. విద్యుత్తు ఆదా అయ్యేది మెదడు మహిమ వల్ల కాదు. బయట ఉన్న మెమరీ నుంచి ఒక సంఖ్యను తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు, దాన్ని ఇంకో సంఖ్యతో కూడడానికి అయ్యే ఖర్చు కంటే వేల రెట్లు ఎక్కువ. అందుకే మెమరీని లెక్కలు చేసే చోటికే తెచ్చి పెడతారు, మార్పు వచ్చినప్పుడే పని చేయిస్తారు. తెలివైన ఇంజనీరింగ్, కాదనను. కానీ మన చిప్పులో అసలు స్పైకులే, అంటే న్యూరాన్లు ఒకదానికొకటి పంపుకునే చిన్న సంకేతాలే లేవు. సున్నాలను వదిలేసి మిగతావాటిని గుణించే యంత్రం అది. దానికి మెదడు పేరు పెట్టారు, అంతే.

వెన్నెల_రాత్రి
స్పైకులు లేవా? మరి డేటాషీటులో పేజీ పేజీకీ రాసిందేమిటి?

చిప్పుల_పనివాడు
డేటాషీటు రాసేది మార్కెటింగ్ వాళ్లు. అసలైన స్పైకు ఒక్క బిట్టు: న్యూరాన్ స్పందించిందా, లేదా. మన చిప్పులో ఒక పొర నుంచి ఇంకో పొరకు వెళ్లేది నాలుగు బిట్ల విలువ. అది స్పైకు కాదు, సంఖ్య. అమెరికా శాస్త్రవేత్త కార్వర్ మీడ్ 1980ల చివర్లో ‘న్యూరోమార్ఫిక్’ అన్న మాట తెచ్చినప్పుడు ఆయన మనసులో ఉన్నవి అనలాగ్ సర్క్యూట్లు. ట్రాన్సిస్టర్‌ను పూర్తిగా తెరవకుండా, అందులోంచి కారే సన్నటి కరెంటుతోనే నాడీకణంలా ప్రవర్తింపజేయడం ఆయన ఆలోచన. దానికీ దీనికీ చుట్టరికం కూడా లేదు.

రేయి_పక్షి
అలా అయితే ఐబీఎం చేసిన మెదడు తరహా చిప్పు ట్రూనార్త్ పూర్తిగా డిజిటల్. ఇంటెల్ చిప్పు లోయిహి కూడా డిజిటల్. 2021లో వచ్చిన లోయిహి 2లో స్పైకుతో పాటు విలువ కూడా ప్రయాణిస్తుంది. మీ కొలబద్ద ప్రకారం ఇంటెల్ కూడా పేరు దొంగతనం చేసినట్టేనా? పద్దెనిమిదేళ్ల అనుభవజ్ఞులు జవాబు చెప్పాలి.

చిప్పుల_పనివాడు
డిజిటల్ అయితే స్పైకు ఉండకూడదని నేను ఎక్కడన్నాను? ట్రూనార్త్‌లో వెళ్లేది ఒక్క బిట్టే. లోయిహి 2లో ప్రతి న్యూరాన్‌కూ కాలంతో మారే స్థితి ఉంటుంది, ఆ ప్రవర్తనను మనమే ప్రోగ్రామ్ చేసుకోవచ్చు. తేడా అక్కడ ఉంది. చదివి రండి, మాట్లాడదాం.

రేయి_పక్షి
చదివే వచ్చాను. రెండు జవాబుల క్రితం తేడా బిట్లలో ఉందన్నారు, ఇప్పుడు కాలంలో ఉందంటున్నారు. రేపు ఇంకెక్కడ ఉంటుందో.

గోరువెచ్చని_టీ
మీ ఇద్దరి స్పైకుల గొడవతో షేరు ధర ఒక్క పైసా కదలదు. ఐబీఎం 2014లోనే పది లక్షల న్యూరాన్లు, 25.6 కోట్ల సినాప్సులు (న్యూరాన్ల మధ్య లంకెలు) ఉన్న ఆ ట్రూనార్త్ చిప్పు చేసింది. వాడింది 70 మిల్లీవాట్లు. అప్పట్లో ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. తర్వాత? పరిశోధనశాలల గడప దాటి వ్యాపారం కాలేదు. ఇంటెల్ 2024లో హాలా పాయింట్ అని 115 కోట్ల న్యూరాన్ల యంత్రం చేసింది, అదీ పరిశోధనశాలకే పోయింది. అంత డబ్బున్న వాళ్లే అమ్మలేని సరుకును మనవాళ్లు అమ్ముతారా?

వెన్నెల_రాత్రి
వాళ్లవి పరిశోధన యంత్రాలు. మనది చెవి పరికరాల్లో, కెమెరాల్లో పెట్టే చిన్న చిప్పు. పైగా చిప్పు అమ్మనక్కర్లేదు, డిజైన్ లైసెన్సు ఇస్తే చాలు. ఫోన్ల చిప్పుల డిజైన్లు ఇచ్చే ఆర్మ్ కంపెనీ అలాగే కదా ఎదిగింది? ఒక్కసారి ఫోన్లలోకి వెళ్లామంటే ప్రతి చిప్పుకీ రాయల్టీ. వంద కోట్ల చిప్పులు వేసుకోండి...

గోరువెచ్చని_టీ
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పాత_పద్దు
లైసెన్సుల వ్యాపారంలో కొన్నాళ్లు లెక్కలు రాశాను, అందుకని ఒక మాట. లైసెన్సు సంతకం అయిన రోజున వచ్చేది ఒక చిన్న ముందస్తు రుసుము. తర్వాత కొనుగోలుదారు ఆ డిజైన్‌ను తన చిప్పులో ఇమడ్చాలి, నమూనాలు తీయాలి, పరీక్షించాలి, తన వినియోగదారుడికి చూపించాలి. కార్ల చిప్పయితే వేడికీ కుదుపులకూ ప్రత్యేక పరీక్షలు. రాయల్టీ మొదటి చెక్కు చూడటానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో ఆ ప్రాజెక్టు ఆగిపోతే ఆ చెక్కే రాదు, ఆగిపోయిందని మనకు ఎవరూ చెప్పరు కూడా. అందుకే నేను ‘భాగస్వామి’ అన్న మాట దగ్గర ఆగను, నగదు నివేదికలో వసూళ్ల వరుస ఒక్కటే చూస్తాను.

నాలుగేళ్ల_నిరీక్షణ
రహస్య ఒప్పందాలు ఉండబట్టే పేర్లు చెప్పడం లేదు. ఎన్ని పెద్ద కంపెనీలు లోపల ఉన్నాయో మీకు తెలుసా?

పాత_పద్దు
తెలియదు. పేరు రహస్యంగా ఉంచవచ్చు, వచ్చిన డబ్బును లెక్కల్లో దాచలేరు కదా.

అక్షరాల_బడి
పైన ఒకరు న్యూరోమార్ఫిక్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను. దీనికి తెలుగులో ‘నాడీరూప’ అని వాడవచ్చా? నేను ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను.

రేయి_పక్షి
నాడి అనగానే వైద్యుడు మణికట్టు పట్టుకున్నట్టు ఉంటుంది. ‘మెదడు తరహా’ చాలదా?

అక్షరాల_బడి
వెన్నుపాము, కంటిపొర కూడా ఇందులోకి వస్తాయి కదండీ. మీడ్ బృందం చేసిన వాటిలో కంటిపొరను అనుకరించే చిప్పు కూడా ఉంది. ఒక్క మెదడు అంటే ఇరుకవుతుంది.

గోరువెచ్చని_టీ
‘ఆశారూప’ అని పెట్టండి, సరిగ్గా సరిపోతుంది.

సగటు_వాటాదారు
అయ్యా, నేను అడిగినవి రెండు ప్రశ్నలు. స్పైకులకు ఎన్ని బిట్లో నేను అడగలేదు. గడువు ఎల్లుండే.

లెక్కల_మాస్టారు
మొదటిదానికి: జారీ చేయకుండా ఎలా బతుకుతారు? అమ్మకాలు లేవు, అప్పిచ్చేవాడు ఉండడు. కంపెనీలో మీకు నూటికి ఒక వంతు ఉందనుకోండి, ఇప్పుడున్న షేర్లకు 25 శాతం కొత్తవి కలిస్తే మీ వాటా 0.8 అవుతుంది. ఇంకోసారి అలాగే చేస్తే 0.64. చిప్పు గెలిచినా అందులో మీ ముక్క చిన్నదైపోతుంది. నాలుగేళ్ల నిరీక్షణ గారు ధర ఐదు రెట్లు కావాలని ఎదురుచూస్తున్నారు కదా, ఈలోగా షేర్ల సంఖ్య రెట్టింపైతే కంపెనీ మొత్తం విలువ పది రెట్లు కావాలి.

నాలుగేళ్ల_నిరీక్షణ
మాస్టారూ, నన్ను వదిలేయండి.

వెన్నెల_రాత్రి
ఇదంతా ధర పడితే లాభపడే షార్ట్ సెల్లర్ల ప్రచారం. ఫలానా తేదీన ఖాతాలు తెరిచి ఇక్కడికి వచ్చేవాళ్లు ఎవరో మాకు తెలియదా?

లెక్కల_మాస్టారు
నా ఖాతా మీ ఖాతా కంటే రెండేళ్లు పాతది. నాకు కూడా షేర్లు ఉన్నాయి. ఉండబట్టే లెక్క వేసుకున్నాను.

శారద_పద్మ
రెండో ప్రశ్న సంగతి ఎవరూ ఎత్తలేదు. సమావేశ పత్రంలో తొమ్మిదో తీర్మానం కింద షరతులు చదవండి. నేను చూసినంతవరకు ఆ ఆప్షన్లు చేతికి రావడానికి కావలసింది ఒక్కటే, డైరెక్టరు పదవిలో కొనసాగడం. అమ్మకాల మాట లేదు, లైసెన్సుల మాట లేదు. కుర్చీలో కూర్చుంటే చాలు. రాయల్టీ ఆదాయంతో ముడిపెట్టి ఉంటే సరేననేదాన్ని. వ్యతిరేకంగా వేశాను.

చిప్పుల_పనివాడు
మంచి ఇంజనీర్లు నిలబడాలంటే ఆప్షన్లు ఇవ్వక తప్పదమ్మా. ఈ రంగంలో మనుషులు దొరకడం ఎంత కష్టమో...

శారద_పద్మ
తీర్మానం ఇంజనీర్ల గురించి కాదండీ, డైరెక్టర్ల గురించి. ఇంజనీర్లకు ఇస్తే రెండు చేతులా ఓటు వేస్తాను.

సగటు_వాటాదారు
శారద గారూ, ధన్యవాదాలు. తొమ్మిదో తీర్మానం దాకా నేను చదవనేలేదు. ఇప్పుడే వ్యతిరేకంగా వేశాను. షేర్లు మాత్రం ఉంచుకుంటున్నాను, ఎందుకని అడగకండి.

రేయి_పక్షి
చిప్పుల పనివాడు గారూ, కాలంతో మారే స్థితి గురించి అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.