గ్రీన్ రివర్ హంతకుడికి మరణశిక్ష తప్పించడం న్యాయమేనా?

వేణు:
అమెరికాలో గ్రీన్ రివర్ హంతకుడని పేరుపడ్డ గ్యారీ రిడ్జ్‌వే 2003 నవంబర్ 5న సియాటిల్ కోర్టులో 48 హత్యలు ఒప్పుకున్నాడు. 2011లో ఇంకొకటి. అయినా పడింది యావజ్జీవమే. శవాలు ఎక్కడెక్కడ పడేశాడో చూపిస్తే ప్రాణం తీయబోమని ప్రాసిక్యూటర్ నార్మ్ మాలెంగ్ ఒప్పుకున్నారు. అరెస్టయిన కొత్తలో బేరాల్లేవని చెప్పిన మనిషే ఆయన! అదే వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకే ఒక్క హత్య చేసిన కాల్ బ్రౌన్‌కి 2010లో మరణశిక్ష అమలు చేశారు. అంటే ఎక్కువమందిని చంపినవాడి దగ్గర ఎక్కువ రహస్యాలుంటాయి కాబట్టి వాడు బతికిపోతాడు. నేనైతే దీన్ని న్యాయం అనలేను.

సుజాత:
వేణు గారూ, ఒప్పందానికి ముందు ప్రాసిక్యూషన్ చేతిలో ఏముందో చూడండి. కేసు పెట్టగలిగింది ఏడు హత్యలకే. 1987లో అతనిచేత గాజుగుడ్డ నమిలించి తీసుకున్న ఉమ్మిని దాచి ఉంచారు, అప్పటి పరీక్షలతో ఏమీ తేలలేదు. 2001లో ఆ ఉమ్మి డీఎన్‌ఏ, శవాల మీద దొరికినదానితో కలిసింది, నవంబర్ 30న పట్టుకున్నారు. తర్వాత చేర్చిన మూడు కేసులు ఇంకా కష్టం. అతను కెన్‌వర్త్ ట్రక్కుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పెయింటర్. రంగు స్ప్రే చేసేటప్పుడు గాల్లోనే గట్టిపడే కంటికానని గుండ్రటి రేణువులు చనిపోయిన అమ్మాయిల బట్టల మీద మైక్రోస్కోప్ కింద దొరికాయి. ఇంత చేసినా లెక్క ఏడు దగ్గరే ఆగింది. మిగతా 41 మంది తల్లిదండ్రులకి ఏం చెప్పేవాళ్లు?

రఘు:
నేను సియాటిల్ దగ్గర కెంట్‌లో ఉంటాను, 1982 జూలైలో మొదటి శవం తేలింది ఇక్కడి గ్రీన్ రివర్ ఏటిలోనే. మీరిద్దరూ 2003 దగ్గరే వాదించుకుంటున్నారు, నా కోపం 1983 మీద. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒక అమ్మాయి ట్రక్కు ఎక్కి మాయమైంది. ఆమె స్నేహితుడూ తండ్రీ వీధులన్నీ గాలించి ఆ ట్రక్కు ఆగి ఉన్న ఇల్లు కనిపెట్టి పోలీసుల్ని పిలిచారు. అది రిడ్జ్‌వే ఇల్లు. తలుపు దగ్గర పోలీసులు అడిగారు, తనకేం తెలియదన్నాడు, వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది లై డిటెక్టర్ పరీక్ష కూడా పాసయ్యాడు. చనిపోయినవాళ్లలో చాలామంది ఇల్లు వదిలొచ్చిన టీనేజి పిల్లలు, ఒళ్లమ్ముకుని బతికేవాళ్లు. పెద్దింటి పిల్లయితే ఆ తలుపు దగ్గరే ఆగిపోయేవాళ్లా? ఆ అమ్మాయి ఎముకలు 2003 సెప్టెంబర్‌లో, ఈ ఒప్పందం వల్లే దొరికాయి. ఇరవై ఏళ్లు ఆలస్యం చేసిన వ్యవస్థ, ఆ కుటుంబానికి ఇవ్వగలిగింది అదొక్కటే. అది కూడా ఇవ్వొద్దని నేను అనలేను.

వేణు:
రఘు గారూ, ఆ తండ్రి సంగతి చదివి మనసు పాడైంది. కానీ పోలీసుల తప్పుకి హంతకుడు లాభపడటం ఏమిటి? పైగా వాడు అన్నీ చెప్పాడని నమ్మకమేంటి? 2024 సెప్టెంబర్‌లో మళ్లీ జైలు నుంచి తీసుకొచ్చి వెతికించారు, ఏమీ దొరకలేదు.

సుజాత:
అన్నీ చెప్పి ఉండడు, నిజమే. అందుకే ఆ ఒప్పందాన్ని సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వరకే రాశారు. వేరే కౌంటీలో హత్య బయటపడితే అక్కడ మరణశిక్ష అడిగే దారి ఉండేది. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు మరణశిక్షనే కొట్టేసింది కాబట్టి ఆ దారీ పోయింది. ఇప్పుడు అలాంటివాడు దొరికితే నోరు విప్పించడానికి ఏం చూపిస్తారో నాకు తోచడం లేదు, మీకేమైనా తోస్తే రాయండి.