తమ్ముడి బీర్ మీద తెల్లటి పొర: పారబోయాలా, ఉంచాలా?

రాయగడ_అక్క: మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ సొంతానికి ఇంట్లో బీర్ పెట్టుకోవడం తప్పు కాదట, సామాను షాపుల్లోనే దొరుకుతుంది. 23 లీటర్ల డ్రమ్ములో వేసి, పన్నెండో రోజున మూత తీసి ఫొటో పంపాడు. గోడలకి గోధుమరంగు పెచ్చు, అడుగున రెండు వేళ్ల మందాన మడ్డి, పైన ముడతలు పడిన తెల్లటి పొర. మా అమ్మ ఫొటో చూడగానే "పారబోయమను" అంది. ఎండాకాలం మా ఇంట్లో తరవాణి కుండ పెట్టేది ఈ అమ్మే! కడుగునీళ్లు, గంజి పోసి పులియబెడుతుంది, పైన తెల్లగా కట్టినది తీసేసి కిందది వాడుతుంది. తరవాణికి ఒక న్యాయం, బీర్‌కి ఇంకొకటా? వాడు పారబొయ్యాలా వద్దా?

బరంపురం_పిన్ని: అమ్మ మాట వినమను తల్లీ. 2024లో మా గంజాం జిల్లాలోనే, చికిటి దగ్గర, నాటుసారా తాగి మనుషులు పోయారు. ఇంట్లో చేసిన మందుతో ఆటలేమిటి?

గుణుపురం_ల్యాబ్: పిన్నిగారూ, సారా బట్టీ పెట్టి కాచేది, బీర్ ఉత్తినే పులిసేది. కల్తీసారాలో మామూలుగా ప్రాణం తీసేది మిథనాల్. బార్లీ పులిస్తే అది లెక్కలోకి రానంత తక్కువ. ఆ భయం ఇక్కడికి తేకండి.

ఇక ఫొటో సంగతి. ఆ పెచ్చు, మొదటి రెండు మూడు రోజులు నురగ పొంగి దిగిన గుర్తు. అందులో ఈస్ట్, ప్రొటీన్, హాప్స్ (బీర్‌కి చేదు కోసం వేసే పువ్వులు) జిగురు ఉంటాయి. మడ్డి కూడా చాలామటుకు ఈస్టే. చూడ్డానికి అసహ్యంగా ఉన్న ఈ రెండూ మంచివే. అనుమానమంతా ఆ శుభ్రమైన తెల్లపొర మీదే. బూజయితే పొడిగా, నూగుగా, గుండ్రటి మచ్చలుగా పైకి లేస్తుంది, ముదిరితే ఆకుపచ్చగానో నల్లగానో తిరుగుతుంది. ఇది తడిగా, పల్చగా ఉంది. అడవి ఈస్టో (మనం వెయ్యకుండా బయటి నుంచి చేరేది), పులుపు బ్యాక్టీరియానో గాలి తగిలి పొర కట్టి ఉంటాయి. మూత ఎన్నిసార్లు తీశాడు?

రాయగడ_అక్క: రోజూ. ఫొటోల కోసం.

గుణుపురం_ల్యాబ్: సరిపోయింది.

జయపురం_బాబు: మా కోరాపుట్ పల్లెల్లో లాందా పెడతారు. బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించిన చోళ్ల (రాగుల) పిండి కలిపి పులియబెడతారు. అది బాగుందో లేదో ముసలమ్మలు ఫొటో చూసి చెప్పరు. కుండ దగ్గర ముక్కు పెడతారు, నాలుక మీద ఒక చుక్క వేసుకుంటారు. మీరేమో రంగు చూసి తీర్పులిస్తున్నారు, ల్యాబ్ గారితో సహా. పొర తీసేసి తాగమనండి.

పర్లాకిమిడి_మాస్టారు: బాబూ, పొర అయితే తీసెయ్యొచ్చు, బూజు అయితే కాదు. బూజు వేళ్లు కిందికి దిగి ఉంటాయి, దాని విషం చెంచాతో రాదు. ఊరగాయ మీద బూజు గీకేసి వడ్డించే ఇళ్లు నేను చూశాను, ఆ ఇళ్లలో భోజనం మానేశాను కూడా.

గుణుపురం_ల్యాబ్: మాస్టారి మాటకి ఒప్పుకుంటాను. లాందా పోలిక మాత్రం కుదరదు బాబూ. దాన్ని పులిసిన కొద్ది రోజుల్లోనే తాగేస్తారు. బీర్ సీసాల్లో నెలలు ఉంటుంది. మామూలు ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరల్ని అడవి ఈస్ట్ మెల్లగా తింటుంది, సీసాలో గ్యాస్ పెరుగుతుంది, సీసా పేలుతుంది. ఆ ఆల్కహాల్‌లో, పులుపులో, హాప్స్ చేదులో మనిషిని మంచాన పడేసే క్రిములు పెరగడం కష్టమే. కాబట్టి నా భయం కడుపు గురించి కాదు, గాజుపెంకుల గురించి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచేది, చక్కెర తగ్గేకొద్దీ దాని అంకె దిగుతుంది) ఉంటే వరసగా మూడు రోజులు చూడమనండి. అంకె కదలకపోతే పులియడం ఆగినట్టు.

రాయగడ_అక్క: అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. ఆవిడ జవాబు: "నా కుండ నా వంటింట్లో ఉంది, దాని వాసన నాకు తెలుసు. వాడి డ్రమ్ము వాసన నాకెలా వస్తుంది? తెలియనిది పారబొయ్యమనే అంటాను."

జయపురం_బాబు: నేను చెప్పిందీ అదే కదా! అమ్మగారు నా పక్షం.

బరంపురం_పిన్ని: నీ పక్షం ఎలా అవుతుంది నాయనా, ఆవిడ పారబొయ్యమంటుంటే?

రాయగడ_అక్క: నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. వాసన పుల్లమజ్జిగలా ఉందట, ముక్కవాసన లేదు, నూగు లేదు. మొదటి రోజు 1.044 ఉన్న అంకె ఈ మూడు రోజుల్లో 1.010, 1.009, 1.007.

గుణుపురం_ల్యాబ్: ఇంకా దిగుతోంది! రెండు వారాలు దాటాక కూడా దిగుతోందంటే అడవి ఈస్ట్ పని అని నా అనుమానం. సీసాల్లో పట్టొద్దు. మూత ముట్టుకోకుండా వదిలెయ్యమనండి, లేదా ఆ డ్రమ్ము మీద ఆశ వదులుకోమనండి. ప్లాస్టిక్ డ్రమ్ము గీతల్లో అవి దాక్కుంటాయి, తర్వాత బీర్‌కి కొత్త డ్రమ్ము కొనడం మంచిది.

జయపురం_బాబు: సీసాల్లో పట్టకుండా గ్లాసులో పోసుకోవచ్చుగా. ఆ అంకెల్ని బట్టి దాదాపు 5 శాతం బీర్ అది, పుల్లగా ఉంటే ఏం?

రాయగడ_అక్క: మూత మీద టేపు వేసేశాడు. వేసే ముందు ఒక గ్లాసు తీసుకున్నాడట. పులుపు బాగానే ఉందన్నాడు. ఆ గ్లాసు సంగతి అమ్మకి చదివి వినిపించలేదు.