అప్‌డేట్: ఇంటర్వ్యూల్లో పేషెంట్లు "బానే ఉంది" అని ఆపేసే సమస్య తీరింది

మా రీసెర్చ్ కోసం క్లినిక్‌లో షుగర్ ప్రోగ్రామ్ గురించి పేషెంట్ల అనుభవాలు అడుగుతుంటే అందరూ "బానే చూస్తున్నారండీ" అని ఊరుకుంటున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగా కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది ఏంటంటే, క్లినిక్ బయట, స్టాఫ్ కాని మనిషితో అడిగించడం, ఇంకా "సర్వీస్ ఎలా ఉంది" బదులు "లాస్ట్ టైం చెకప్‌కి వెళ్లిన రోజు పొద్దున్నించి ఏం జరిగిందో చెప్పండి" అనడం. ముందు "బానే ఉంది" అన్న ఒకావిడే, పరగడుపున రక్తం ఇవ్వడానికి లైన్లో నిలబడి కళ్లు తిరిగాయని, అందుకే వెళ్లడం మానేశానని తనంతట తనే చెప్పుకొచ్చింది!

మా రీసెర్చ్ గైడ్ దీన్ని కర్టసీ బయాస్ అన్నారు, అంటే అడిగేవాళ్లని నొప్పించకూడదని మర్యాదకి మంచిగానే చెప్పడం; అడిగేవాళ్లకీ పేషెంట్‌కీ ఉన్న సంబంధం రిపోర్ట్‌లో రాయాల్సిందేనట, ఇలాంటి ఇంటర్వ్యూ స్టడీల రిపోర్ట్‌లో ఏమేం రాయాలో చెప్పే, 2007లో వచ్చిన 32 అంశాల కోరెక్ (COREQ) చెక్‌లిస్ట్‌లో అదీ ఉంది. శాంపుల్ పెంచడం, సాఫ్ట్‌వేర్ మార్చడం లాంటివాటికీ దీనికీ సంబంధమే లేదు, రికార్డర్ చూసి జంకడం కూడా కాదు, అది ఎదురుగానే పెట్టాం, ఎవరూ పట్టించుకోలేదు.